మొక్కల యాంటీ ఆక్సిడెంట్ సప్లిమెంట్లు: నాణ్యత, సత్తాపై తరచుగా అడిగే ప్రశ్నలు

పసుపు, గ్రీన్ టీ, ద్రాక్ష గింజలు, బిల్‌బెర్రీ, దానిమ్మ, కోకో వంటి వాటి సారంతో తయారైన క్యాప్సూళ్లు, మాత్రలు కొనేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. సీసా మీద పెద్దగా అచ్చువేసిన అంకెను చూసి కొనవద్దు, ఆ అంకె దేన్ని కొలిస్తే వచ్చిందో తెలుసుకుని కొనండి. మొదటి నుంచి చివరి వరకు నేను చెప్పదలచుకున్నది ఇదే.

నాణ్యత, సత్తా రెండూ ఒకటే కదా?

కాదు. లేబుల్ మీద రాసిన మొక్కే లోపల ఉండాలి. రాసిన పరిమాణంలో ఉండాలి. ఉండకూడనివి ఉండకూడదు. గడువు తేదీ వరకు ఆ స్థితి చెడకూడదు. ఇది నాణ్యత. ఒక మోతాదులో పనిచేసే పదార్థం ఎంత ఉందన్నది సత్తా. ఏ లోపమూ లేకుండా తయారైన మాత్రలో అసలు పదార్థం పేరుకు మాత్రమే ఉండవచ్చు. బాగా గాఢమైన సారంలో మొక్క ఇచ్చిన మేలుతో పాటు నేల నుంచి వచ్చిన సీసం కూడా చేరి ఉండవచ్చు. ఈ రెండూ సవ్యంగా ఉన్నా, మింగినవారికి ఉపయోగం ఉందా అన్నది మూడో ప్రశ్న. అమ్మేవారు మూడింటినీ కలిపి ఒకే మాటగా చెబుతారు. కొనేవారు విడదీసి చూడాలి.

ఓరాక్ విలువ వేలల్లో ఉంటే సత్తా ఎక్కువని అర్థమా?

ఓరాక్ అనేది పరీక్షనాళికలో చేసే కొలత. మెరిసే ఒక రంగు పదార్థాన్ని ఫ్రీ రాడికల్స్ (ఇతర అణువులను దెబ్బతీసే చురుకైన అణువులు; వీటిని అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు) పాడుచేస్తుంటే, మొక్క సారం ఆ పాడవడాన్ని ఎంతసేపు ఆపగలిగిందో చూసి లెక్క కడతారు. 1990లలో రూపొందిన ఈ పద్ధతి ప్రయోగశాల పనికి బాగానే ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాల ఓరాక్ విలువలతో ఒక పట్టికను కూడా ప్రచురించింది. 2012లో అదే శాఖ ఆ పట్టికను తన వెబ్‌సైటు నుంచి తీసివేసింది. ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం ఉందనడానికి రుజువు లేదని, అమ్మకాల కోసం కంపెనీలు వాటిని తరచూ దుర్వినియోగం చేస్తున్నాయని కారణం చెప్పింది. అయినా ఆ అంకె లేబుళ్లను వదలలేదు.

డీపీపీహెచ్, ఏబీటీఎస్, ఫ్రాప్ అనే పరీక్షల సంగతీ ఇంతే. ఒక పరీక్షలో ముందు నిలిచిన సారం మరో పరీక్షలో వెనకబడవచ్చు. ఒక కంపెనీ తన సొంత సారం ఒక బ్యాచ్‌కూ మరో బ్యాచ్‌కూ మారిందా అని చూసుకోవడానికి ఇవి పనికొస్తాయి. రెండు వేర్వేరు మొక్కల్లో మీకు ఏది మంచిదో తేల్చడానికి పనికిరావు.

పరీక్షనాళికలో అంత బాగా పనిచేసేది శరీరంలో ఎందుకు చేయదు?

మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే యాంటీ ఆక్సిడెంట్ పదార్థాలను శరీరం పరాయి పదార్థాలుగానే చూస్తుంది. పేగు గోడలోనూ కాలేయంలోనూ వాటికి గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేట్‌నో తగిలించి, నీటిలో సులువుగా కరిగేలా మార్చి బయటకు పంపేస్తుంది. రక్తంలో తిరిగేది చాలావరకు ఈ మారిన రూపమే. అదీ స్వల్ప పరిమాణంలో. ఎక్కువ పాలీఫినాల్స్ రక్తంలో లీటరుకు ఒకటి రెండు మైక్రోమోల్స్ దాటడం అరుదు. అదే రక్తంలో యూరిక్ ఆమ్లం కొన్ని వందల మైక్రోమోల్స్ ఉంటుంది. తగినంత విటమిన్ సి తీసుకునేవారిలో ఆ విటమిన్ 50 మైక్రోమోల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఫ్రీ రాడికల్స్‌ను నేరుగా అడ్డుకునే పనిలో క్యాప్సూల్ నుంచి వచ్చిన కొద్దిపాటి పదార్థం వీటి ముందు నిలవదు.

ఆపిల్ మీద జరిగిన ఒక పరిశోధన ఈ విషయాన్ని చక్కగా బయటపెట్టింది. ఆపిల్స్ తిన్నవారి రక్తంలో యాంటీ ఆక్సిడెంట్ సామర్థ్యం పెరిగింది. అది పాలీఫినాల్స్ చలవే అని ఎవరైనా అనుకుంటారు. కారణం వెతికితే, పండులోని ఫ్రక్టోజ్ చక్కెర వల్ల యూరిక్ ఆమ్లం పెరిగిందని, కొలతలో కనబడింది ఆ పెరుగుదలేనని తేలింది. ‘మా ఉత్పత్తి వాడితే రక్తంలో యాంటీ ఆక్సిడెంట్ సామర్థ్యం పెరుగుతుంది’ అనే ప్రకటన కనిపించినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇదే.

ఇంతమాత్రాన ఈ పదార్థాలు వృథా అని కాదు. కణాల్లో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్‌ను కదిలించి, శరీరం తన రక్షణ ఎంజైములను తానే ఎక్కువగా తయారుచేసుకునేలా కొన్ని పాలీఫినాల్స్ చేస్తాయని ప్రయోగశాలల్లో కనిపించింది. పేగులోని సూక్ష్మజీవుల పాత్ర కూడా పెద్దదే. దానిమ్మలోని ఎల్లాజిటానిన్లను అవి యూరోలిథిన్లు అనే చిన్న అణువులుగా మారుస్తాయి. ఆ మార్పు చేయగల సూక్ష్మజీవులు అందరి పేగుల్లోనూ ఉండవు. ఒకే సీసాలోని క్యాప్సూళ్లు ఇద్దరిలో రెండు రకాలుగా పనిచేయడానికి ఇదొక కారణం.

లేబుల్ మీద ముందుగా ఏమి చూడాలి?

మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం, గుర్తింపు పదార్థం (సారం సత్తాను కొలవడానికి ఎంచుకున్న పదార్థం) పేరు, ఒక మోతాదులో దాని బరువు. ‘గ్రీన్ టీ సారం 500 మిల్లీగ్రాములు’ అని ఉంటే అది దాదాపు ఏమీ చెప్పనట్టే. ‘కమెలియా సైనెన్సిస్ ఆకు సారం 500 మిల్లీగ్రాములు, ఈజీసీజీ 45 శాతం’ అని ఉంటే, లోపల గ్రీన్ టీలోని ముఖ్య పాలీఫినాల్ అయిన ఈజీసీజీ 225 మిల్లీగ్రాములు ఉండాలని మీరే లెక్క వేసుకోవచ్చు.

పసుపు విషయంలో తేడా మరీ ఎక్కువ. పసుపు పొడిలో కర్క్యుమినాయిడ్లు (కర్క్యుమిన్, దాని జాతి పదార్థాలు) సాధారణంగా 2 నుంచి 5 శాతం వరకు ఉంటాయి. శుద్ధిచేసిన సారంలో 95 శాతం ఉంటాయి. అంటే 500 మిల్లీగ్రాముల పొడి నింపిన క్యాప్సూల్‌లో 10 నుంచి 25 మిల్లీగ్రాములు, అంతే బరువున్న సారంలో 475 మిల్లీగ్రాములు. రెండు సీసాల ముందు వైపూ ‘పసుపు 500’ అనే ఉండవచ్చు.

పది పదిహేను మొక్కల పేర్లు వరుసగా రాసి, అన్నిటికీ కలిపి ఒకే బరువు ఇచ్చి, దాన్ని ‘ప్రత్యేక మిశ్రమం’ అనే లేబుళ్లు ఉంటాయి. వాటిని పక్కన పెట్టేయమనే నా సలహా. ఖరీదైన పదార్థం చిటికెడు వేసి మిగతాదంతా చవకైన దానితో నింపినా ఆ లేబుల్ అబద్ధం కాదు.

‘10:1 సారం’ అంటే పది రెట్ల సత్తా అనా?

పది కిలోల మొక్క నుంచి ఒక కిలో సారం వచ్చిందని మాత్రమే దాని అర్థం. ఏ ద్రావణితో తీశారు, అందులోకి ఏమి దిగింది, ఆరబెట్టేటప్పుడు మాల్టోడెక్స్‌ట్రిన్ వంటి పూరక పదార్థం ఎంత కలిపారు అన్నవి ఆ నిష్పత్తి చెప్పదు. నీటితో తీసిన సారం, ఆల్కహాల్‌తో తీసిన సారం ఒకే మొక్కవైనా వేర్వేరు సరుకులు. కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు కాబట్టి, పసుపును నీటితో తీసి ఎంత గాఢం చేసినా అది అందులోకి పెద్దగా రాదు.

లేబుల్ మీద శాతం స్పష్టంగా ఉంటే ఇక కల్తీ భయం లేనట్టేనా?

ఆ శాతాన్ని ఏ పద్ధతిలో కొలిచారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కల్తీ చేసేవారు గుడ్డిగా చేయరు. కొనుగోలుదారు ఏ పరీక్ష చేస్తాడో తెలుసుకుని, ఆ పరీక్షకు సరిపోయేలా చేస్తారు.

బిల్‌బెర్రీ సారంలో 36 శాతం ఆంథోసయనిన్లు (ఆ పండుకు ఊదా రంగునిచ్చే పదార్థాలు) ఉండాలన్నది వ్యాపారంలో స్థిరపడిన ప్రమాణం. రంగు గాఢతను కాంతితో కొలిచే మామూలు పరీక్షలో ఎరుపు, ఊదా ఛాయలున్న ఏ పదార్థమైనా లెక్కలోకి వచ్చేస్తుంది. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు, అలాంటి పరీక్షలో నెగ్గిన ఒక బిల్‌బెర్రీ సారాన్ని మరింత లోతుగా చూశారు. అందులో అమరాంత్ అనే కృత్రిమ రంగు దొరికింది. పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతి వల్లే అది పట్టుబడింది.

ద్రాక్ష గింజల సారం కథ ఇంకా ఇబ్బందికరమైనది: అందులో వేరుశనగ పొట్టు సారం కలుపుతారు. మొత్తం ఫినాల్స్‌ను కొలిచే ఫోలిన్ పరీక్షకు ద్రాక్ష గింజ, వేరుశనగ పొట్టు రెండూ ఒకటే. ద్రాక్ష గింజల్లోని ప్రోఆంథోసయనిడిన్లు అనే పాలీఫినాల్స్ ప్రధానంగా బి రకం, వేరుశనగ పొట్టులో ఎ రకం ఎక్కువ. ఆ తేడాను వెతికే పరీక్ష చేస్తేనే మోసం బయటపడుతుంది. వేరుశనగ పడని వ్యక్తి ద్రాక్ష అనుకుని మింగితే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే దీన్ని డబ్బు నష్టంగా మాత్రమే చూడలేను.

గింకో అనే చెట్టు ఆకుల సారంలో 24 శాతం ఫ్లేవనాల్ గ్లైకోసైడ్లు అనే పదార్థాలు ఉండాలి. ఆ కోవకే చెందిన, చవకగా దొరికే రూటిన్‌ను కలిపి ఆ అంకెను చేరుకోవడం పాత ఎత్తు. పసుపు విషయంలో రసాయనాలతో కృత్రిమంగా చేసిన కర్క్యుమిన్‌ను మొక్క సారంగా అమ్మడం ఉంది. రెండింటి అణువు ఒకటే కాబట్టి హెచ్‌పీఎల్‌సీ కూడా తడబడుతుంది. పెట్రోలియం నుంచి వచ్చిన కర్బనంలో కార్బన్-14 మిగలదు కాబట్టి, దాన్ని కొలిచి తేడా చెబుతారు. ఇక పసుపుకు మెరుగైన రంగు రావాలని సీసపు క్రోమేట్ కలపడం అన్నిటికన్నా ప్రమాదకరం. సీసం ముఖ్యంగా పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, దానికి సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ గుర్తించలేదు.

డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అన్నీ తేలిపోవా?

పొడి రూపంలో ఉన్న మొక్కకు డీఎన్‌ఏ పరీక్ష బాగా ఉపయోగపడుతుంది. సారానికి అంతగా ఉపయోగపడదు. వేడి, ద్రావణులు, వడకట్టడం వల్ల డీఎన్‌ఏ ముక్కలైపోతుంది లేదా పూర్తిగా పోతుంది. 2015లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం డీఎన్‌ఏ బార్‌కోడింగ్ ఆధారంగా కొన్ని మూలికా ఉత్పత్తులను తప్పుపట్టినప్పుడు శాస్త్రవేత్తల నుంచి వచ్చిన ప్రధాన అభ్యంతరం ఇదే. మొక్క ఏదన్నది తేల్చడానికి ముడిసరుకు దశలో సూక్ష్మదర్శిని, డీఎన్‌ఏ. సారం దశలో రసాయన ముద్ర చూపించే క్రొమటోగ్రఫీ (హెచ్‌పీఎల్‌సీ ఇలాంటిదే). ఏ దశకు తగిన పరీక్ష ఆ దశకు.

కంపెనీని విశ్లేషణ ధ్రువపత్రం అడగవచ్చా? వస్తే అందులో ఏమి చూడాలి?

తప్పకుండా అడగండి. ఒక బ్యాచ్‌ను పరీక్షించగా వచ్చిన ఫలితాల పత్రం ఇది. ఇవ్వడానికి తటపటాయించే కంపెనీ గురించి మీకు తెలియాల్సింది అప్పుడే తెలిసిపోతుంది. పత్రం వచ్చాక మొదట బ్యాచ్ నంబరు మీ సీసా మీద ఉన్నదేనా చూడండి. ఎప్పుడో ఒకసారి చేయించిన మంచి పరీక్షను ఏళ్ల తరబడి చూపించడం కద్దు. తరవాత, ప్రతి అంశానికీ ప్రమాణం, వచ్చిన ఫలితం, వాడిన పద్ధతి మూడూ ఉండాలి. ఫలితం గడిలో అంకెకు బదులు ‘సరిపోయింది’ అని మాత్రమే ఉంటే, ముఖ్యంగా గుర్తింపు పదార్థం, సీసం వంటి చోట్ల, అది చాలదు.

సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం నాలుగింటికీ విడివిడి అంకెలు ఉండాలి. సూక్ష్మజీవుల సంఖ్య, ఈ-కోలై, సాల్మొనెల్లా, పురుగుమందుల అవశేషాలు, మిగిలిపోయిన ద్రావణులు కూడా. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు: పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లు. ఇవి మీరు కొన్న మొక్కలోవి కావు, పొలంలో దాని పక్కన పెరిగిన కలుపు మొక్కల నుంచి వస్తాయి, కాలేయానికి హాని చేస్తాయి. ఆకులు, పూతల నుంచి తీసిన ఉత్పత్తుల్లో దీని ఫలితం కూడా ఇస్తే ఆ తయారీదారు శ్రద్ధగలవాడని నేను అనుకుంటాను.

ముడిసరుకుకు ఇచ్చిన పత్రం వేరు, తయారైన క్యాప్సూల్‌కు ఇచ్చిన పత్రం వేరు. మీకు కావలసింది రెండోది.

యూఎస్‌పీ, ఎన్‌ఎస్‌ఎఫ్ వంటి ముద్రలు నమ్మదగినవేనా?

ఇవి బయటి స్వతంత్ర సంస్థలు పరీక్షించి ఇచ్చే ముద్రలు. నమ్మదగినవే, వాటి పరిధి తెలిసినంతవరకు. లేబుల్‌లో రాసింది లోపల ఉందని, కలుషితాలు హద్దు దాటలేదని అవి చెబుతాయి. యూఎస్‌పీ అయితే మాత్ర నిర్ణీత సమయంలో విచ్చుకుంటుందా అన్నదీ చూస్తుంది. ఆ ఉత్పత్తి వల్ల ఆరోగ్యం మెరుగుపడుతుందని ఏ ముద్రా చెప్పదు. ‘ప్రయోగశాలలో పరీక్షించబడింది’ అని కంపెనీ తనకు తానే వేసుకున్న బొమ్మను వీటితో సమానం చేయకండి.

మిరియాల్లోని పైపెరిన్ కలిపితే కర్క్యుమిన్ శోషణ 2000 శాతం పెరుగుతుందంటారు. నిజమా?

ఆ అంకె 1998లో వచ్చిన ఒక చిన్న అధ్యయనానిది. రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇచ్చినప్పుడు మనుషుల్లో కనిపించిన పెరుగుదల అది. కర్క్యుమిన్ మాత్రమే ఇచ్చినప్పుడు రక్తంలో దాదాపు ఏమీ కనబడలేదు కాబట్టి, అంత తక్కువ మీద ఎన్ని రెట్లు పెరిగినా చేరేది కొద్దే. పైగా పైపెరిన్ ఈ పని చేసేది కాలేయం, పేగు చేసే విసర్జన ప్రక్రియను నెమ్మదింపజేసి. ఆ ప్రక్రియ కర్క్యుమిన్ ఒక్కదానికే కాదు, మీరు వాడే మందులకూ అవసరం. నిత్యం మందులు వాడేవారు పైపెరిన్ ఉన్న ఉత్పత్తిని వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకూడదు.

కొవ్వు పదార్థాలతో, అతిసూక్ష్మ రేణువులతో శోషణను పెంచిన రూపాలూ ఉన్నాయి. వాటి విషయంలో గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది: పాత మామూలు రూపానికి ఉన్న భద్రతా చరిత్ర వీటికి వర్తించదు. శరీరంలోకి ఎక్కువ చేరేలా చేసినప్పుడు, హాని జరిగే అవకాశాన్నీ కొత్తగానే లెక్కించాలి.

మొక్కల నుంచి వచ్చింది కదా, మోతాదు ఎక్కువైతే నష్టమేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు చాలా పెద్ద మూల్యం చెల్లించి తెలుసుకున్నది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన ప్రయోగంలో కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (క్యారెట్లకు రంగునిచ్చే యాంటీ ఆక్సిడెంట్) ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశించారు. 1994లో ఫలితాలు వచ్చేసరికి అది 18 శాతం పెరిగింది. అమెరికాలో బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి ఇచ్చిన కారెట్ అనే పేరున్న ప్రయోగంలోనూ ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం ఎక్కువగా కనబడటంతో 1996లో గడువుకు ముందే ఆపేశారు. 2012లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ 78 ప్రయోగాలను, దాదాపు మూడు లక్షల మందిని కలిపి చూసి, యాంటీ ఆక్సిడెంట్ సప్లిమెంట్లు మరణాలను తగ్గిస్తున్నట్టు ఆధారం లేదని, బీటా కెరోటిన్, విటమిన్ ఇ పెంచుతున్నట్టు కనిపిస్తోందని తేల్చింది. ఆ బీటా కెరోటిన్ కృత్రిమమైనది కదా అని కొందరు వాదిస్తారు. మొక్క నుంచి తీసినదైతే పొగతాగేవారికి ఈ ముప్పు ఉండదనడానికి ఆధారం లేదు.

గ్రీన్ టీ సారం నేరుగా మొక్కదే. 2018లో యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ, సప్లిమెంట్ల ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఈజీసీజీ తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని హెచ్చరించింది. 2022లో యూరోపియన్ యూనియన్ రోజువారీ మోతాదు 800 మిల్లీగ్రాముల లోపే ఉండాలని నిబంధన తెచ్చింది. ఖాళీ కడుపుతో మింగితే రక్తంలోకి మరింత చేరుతుంది, కాబట్టి ఆహారంతోనే తీసుకోవాలి. కప్పులో తాగే టీకి, క్యాప్సూల్‌లో ఒక్కసారిగా దిగే గాఢమైన సారానికి పోలిక లేదు. శోషణ పెంచిన పసుపు ఉత్పత్తుల వల్ల కూడా కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఇంకో కోణం ఉంది. ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. వ్యాయామం చేసినప్పుడు కండరాల్లో పుట్టే కొద్దిపాటి రాడికల్స్ శరీరానికి సంకేతాలు. 2009లో వెలువడిన జర్మనీ పరిశోధనలో, వ్యాయామంతో పాటు విటమిన్ సి 1000 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు తీసుకున్నవారిలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు, తీసుకోనివారిలో మెరుగుపడింది.

మరి నిజంగా పనిచేసినట్టు తేలినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, కానీ ఇరుకైన హద్దుల్లో. వయసుతో వచ్చే మాక్యులా క్షీణత (కంటి రెటీనా మధ్య భాగం దెబ్బతినే జబ్బు) మధ్య దశలో ఉన్నవారికి, విటమిన్ సి, ఇ, జింకు, రాగితో పాటు ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు కలిసిన మందు జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుంది. 2013 నాటి ఏఆర్‌ఈడీఎస్2 ప్రయోగం తరవాత బీటా కెరోటిన్ స్థానంలో ల్యూటిన్, జియాజాంథిన్ వచ్చాయి. మార్కెట్లోని ల్యూటిన్ ఎక్కువగా బంతిపూల నుంచి తీసినదే. కళ్లు బాగున్నవారికి ఈ జబ్బు రాకుండా ఆపుతుందని మాత్రం తేలలేదు.

కోకో ఫ్లేవనాల్స్‌ను రోజుకు 500 మిల్లీగ్రాముల చొప్పున 21,442 మంది పాల్గొన్న కాస్మోస్ ప్రయోగంలో పరీక్షించారు. ప్రధానంగా వెతికిన మొత్తం గుండె, రక్తనాళాల సమస్యల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల రాలేదు. గుండె జబ్బు మరణాలు మాత్రం 27 శాతం తక్కువగా కనిపించాయి. ఆశ కలిగించే ఫలితమే, తీర్పు కాదు.

ఏ మందులతో జాగ్రత్త?

వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలచబరిచే మందులతో గింకో, పసుపు సారాలు. నాడొలాల్ అనే రక్తపోటు మందు శోషణను గ్రీన్ టీ తగ్గిస్తుంది. బోర్టెజొమిబ్ అనే క్యాన్సర్ మందును ఈజీసీజీ నేరుగా పట్టుకుని పనిచేయకుండా చేయగలదని ప్రయోగశాలలో తేలింది. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు వైద్యుడికి చెప్పకుండా ఒక్క క్యాప్సూల్ కూడా వేసుకోవద్దు. శస్త్రచికిత్స నిర్ణయమైతే వాడుతున్నవన్నీ ముందే చెప్పండి. ఐరన్ మాత్రలు, టానిన్లు ఎక్కువున్న సారాలు ఒకేసారి వద్దు.

ఎలా నిల్వ చేయాలి?

వెలుతురు, తేమ, వేడి, గాలి: సత్తాను తినేసేవి ఇవే. వచ్చిన సీసాలోనే, తేమ పీల్చే పొట్లం తీయకుండా, పొయ్యికీ స్నానాల గదికీ దూరంగా పెట్టండి. ద్రాక్ష తొక్కల్లోని రెస్వెరాట్రాల్ కాంతి తగిలితే ట్రాన్స్ రూపం నుంచి సిస్ రూపానికి మారిపోతుంది. కెరోటినాయిడ్లు గాలికి రంగు కోల్పోతాయి. ఈజీసీజీ వంటి గ్రీన్ టీ కాటెచిన్లకు తేమ పడదు. పెద్ద సీసా కొని ఏడాది పాటు తెరిచి మూయడం కన్నా చిన్నది కొనడం మేలు.

కొత్త సీసాలో పొడి రంగు కొంచెం మారింది. పారేయాలా?

అక్కర్లేదు. పంట, కాలం మారితే మొక్క రంగు మారుతుంది. ప్రతి బ్యాచ్ అచ్చం ఒకే రంగులో ఉంటేనే రంగు కలిపారా అని నాకు అనుమానం వస్తుంది. ముద్దకట్టినా, ముక్కిన వాసన వచ్చినా మాత్రం వాడవద్దు.

వాడటం ఎప్పుడు వెంటనే ఆపాలి?

మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పుట్టినా, కుడివైపు డొక్క కింద నొప్పి వచ్చినా, కారణం తెలియని నీరసం, వికారం పట్టుకున్నా ఆ రోజే ఆపి వైద్యుడి దగ్గరకు వెళ్లండి. సీసాను పారేయకుండా వెంట తీసుకెళ్లండి. బ్యాచ్ నంబరు, మిగిలిన క్యాప్సూళ్లు ఉంటేనే లోపల ఏముందో పరీక్షించి చెప్పగలుగుతారు.